టోపీ ఆయన ఆఖరి ఆదివారం

మెట్ల పక్క ఇల్లు,
సోమవారం పొద్దున

చిట్టితల్లీ,

నీ ఉత్తరం శనివారమే అందింది. రెండు రోజులు దిండు కింద పెట్టుకుని ఇవాళ జవాబు రాస్తున్నాను. ఫోను మాత్రం చెయ్యకు. నా చెవిలో అది ఈగ ముసిరినట్టు ఉంటుంది తప్ప మాట తెలీదు. ఉత్తరమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. నా కోడిగీతలు చూసి నవ్వుకో, ఫరవాలేదు, నాలుగో తరగతి దాటనిదాన్ని.

ముందు నీ సంగతి. పొద్దస్తమానం తెరకేసి చూస్తుంటే కళ్ళు ఏం కావాలి? మెడకి ఏదైనా చుట్టుకుంటున్నావా? నువ్వు పనిచేసే గదికి కిటికీలు లేవని రాశావు. నిప్పంటుకుంటే ఎటు పరిగెడతావు? ఇంకో తలుపు ఉందేమో కనుక్కుని నాకు రాయి. లేకపోతే నాకు నిద్ర పట్టదు.

ముప్ఫై ఏళ్ళలో నువ్వు తీసిన పదకొండు సినిమాలూ శుభ్రం చేయించి, పెద్ద హాల్లో వారం రోజులు వేస్తారని చదివి చాలా పొంగిపోయాను. పక్క వాటా టైలరమ్మకి కూడా చదివి వినిపించాను. ఆవిడ, ఇంతకీ హీరో ఎవరండీ అని అడిగింది. హీరోలెవరూ ఉండరమ్మా, జాజు పాటలని బూరలతో వాయించే ఇంగ్లీషు పాటలు ఉంటాయి, అవి వాయించి వాయించి ముసలైపోయినవాళ్ళని మా పిల్ల కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళు ఏడుస్తారు, ఇది కెమెరా ఆపదు అని చెప్పాను. అయితే మా ఆయన్ని పంపిస్తాను, ఆయన ఏమీ వాయించకుండానే ఏడుస్తాడు అంది. నవ్వాను. తర్వాత భయమేసింది, అంతమంది ఉసురు నీకు తగులుతుందేమోనని.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ మొదటి సినిమా వెయ్యకపోతే ఏం? అదే, టోపీ ఆయన మీద తీసింది. పది చాలవా? అప్పటికి నువ్వు చిన్నదానివి, ఇప్పుడు నీకున్న పనితనం అందులో ఎక్కడుంటుంది? మంచివి చూపించు.

ఆ రోజుల్లో ఆయన వాయించిన క్లబ్బు ఎలా ఉండేదో నాలుగు మాటలు చెప్పమన్నావు. నేను గ్లాసులు కడిగాను, వచ్చినవాళ్ళ కోట్లు చూసుకున్నాను. మీ నాన్న టోపీ ఆయన బూరపెట్టె మోసేవాడు. గ్లాసులు కడిగేదానికి గ్లాసులు తప్ప ఏం తెలుస్తుంది?

తలుపు సంగతి మర్చిపోకు.

నీ మీదే ధ్యాసతో,
అత్త


ఎడిటింగ్ గది,
గురువారం

అత్తా,

ఇంకో తలుపు ఉంది. నిప్పార్పే ఎర్ర డబ్బా కూడా ఉంది. మెడకి మఫ్లరు ఉంది. ఇక నిద్రపో.

మొదటి సినిమా లేకుండా ఎలా కుదురుతుంది? తర్వాతి పదీ దాని పిల్లలు. క్లబ్బు మూసేశాక అటక మీద దొరికిన ఆ ఒక్క టేపుతో కదా నాకు ఈ పని మొదలైంది. వానపడే ఆదివారం మధ్యాహ్నం టోపీ ఆయన ట్రంపెట్ వాయించి, జనం వెళ్ళిపోయాక వెనక గదిలో కూలబడి పోయాడు. ఆ ఆఖరి పాట, పదిహేడు నిమిషాలు, పాత ఫొటోల కింద వినిపించాను. అంతే సినిమా. పాట మధ్యలో ఒకచోట ఆయనకి ఊపిరి తప్పుతుంది, ట్రంపెట్ ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. చావు వచ్చి భుజం తట్టిన క్షణం ఇదేనని నా గొంతుతో నేనే చెప్పాను. పుస్తకాల్లో దాన్ని రాశారు. సంగీతం చదివే పిల్లలకి పాఠంగా చెప్తున్నారు.

ఈసారి ఆయన కూతురు వస్తోంది. తండ్రి పోయినప్పుడు పదేళ్ళట, ఇప్పుడు అరవై దాటింది. రోజూ పొద్దున ఆ పాట వినకుండా ఏ పనీ మొదలుపెట్టదట.

ఇప్పుడు అసలు సంగతి. టేపు శుభ్రం చేస్తున్న సౌండ్ ఇంజనీరుని మేం చెవుల మాస్టారంటాం, చీమ నడిచినా ఏ కాలో చెప్తాడని. నిన్న ఆయన నన్ను పిలిచి, మేడం, మీ టేపులో ఇంకో మనిషి ఉంది అన్నాడు. పాట శబ్దం తగ్గించి వినిపించాడు. గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు. మూడుసార్లు పిలిచింది. "అన్నయ్యా" అని. సరిగ్గా రెండో పిలుపు దగ్గరే ట్రంపెట్ ఊపిరి తప్పింది.

తుడిచెయ్యమంటారా అని అడిగాడు మాస్టారు. ఆగమన్నాను. నా చిన్నతనమంతా మా నాన్నని అన్నానికి పిలిచిన గొంతు అది. నాకు తెలీదా?

ఆ రోజు గోడ అవతల ఏం జరిగింది?

నీ చిట్టి


మెట్ల పక్క ఇల్లు,
మంగళవారం

చిట్టితల్లీ,

ఆ గొంతు నాది కాదు. లోకంలో ఎంతమందికి అన్నయ్యలు లేరు? అక్కడ వంటింట్లో పనిచేసే ఆమెకి ఇద్దరుండేవాళ్ళు. క్లబ్బన్నాక రోజంతా ఎవరో ఒకరు ఎవరినో పిలుస్తూనే ఉంటారు.

ఇక్కడ వానలు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. నీ గొడుగు పుల్ల విరిగిందన్నావు, బాగుచేయించావా?

మాస్టారిని తుడిచెయ్యమను. మంచివాడిలా ఉన్నాడు, అడక్కుండానే తుడుస్తానన్నాడు. టోపీ ఆయన కూతుర్ని కూడా అంత దూరం రప్పించకు. ఆవిడ వినాల్సిన టేపు కాదది. అంటే నా ఉద్దేశం, పోయినవాళ్ళని ఎందుకు గుర్తుచేయడమని.

టైలరమ్మ మధ్యాహ్నం మిషను మీద తలపెట్టి కునుకు తీస్తుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే, ఇంకా ఉన్నాన్లెండి, మీ జాకెట్టు కుట్టాకే పోతాను అంది. ఏం చెయ్యను, ఎవరు కదలకుండా పడుకున్నా చూడాలనిపిస్తుంది. మొన్న ఆదివారం ఇక్కడ జోరు వాన. బస్సెక్కి చివరిదాకా వెళ్ళి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చాను. వానపడే ఆదివారం నాలుగు గోడల మధ్య కూర్చోలేను, గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టే ఉంటుంది. చెవులు పోయాక కూడా అది పోలేదు.

ఇక ఈ సంగతి రాయకు.

అత్త


ఎడిటింగ్ గది,
శుక్రవారం

అత్తా,

రాయొద్దన్నావని రెండు వారాలు ఊరుకున్నాను. నా పనే అది. ఎదుటి మనిషి ఎక్కడ దాస్తారో అక్కడే వాన గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడతారు. నేను కదలకుండా కూర్చుంటాను, వాళ్ళే చెప్పేస్తారు. నువ్వు చెప్పలేదు.

అయితే నేనే ఒకటి చెప్తాను. ఆ సినిమా పూర్తయ్యాక మొదటిసారి మనింట్లో గోడ మీద వేశాను. నువ్వు ఒంట్లో బాగాలేదని రాలేదు. ఆఖరి పాట మొదలవగానే నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. పాట అయ్యేదాకా నీళ్ళు పోతూనే ఉన్నాయి. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ కుళాయిలు బాగుచేసిన మనిషి, చుక్క కారినా ఊరుకోని మనిషి. తిరిగొచ్చి, బాగుందమ్మా అన్నాడు. పెట్టె మోసినవాడు కదా, పాతవి గుర్తొచ్చాయేమో అనుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

నిన్న ఆ పాట ఇరవైసార్లు విన్నాను. తర్వాత టోపీ ఆయన పాత రికార్డులన్నీ. ఆయన పాట ముగించేటప్పుడు ఆఖరి స్వరాన్ని మెల్లగా కిందికి జార్చి వదిలేస్తాడు. ప్రతి రికార్డులోనూ అంతే. ఈ టేపులో మనిషి వదలడు, పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. నాకు చెవులున్నాయని ముప్ఫై ఏళ్ళు చెప్పుకు తిరిగాను.

అందులో వాయించింది ఎవరత్తా?

చిట్టి


మెట్ల పక్క ఇల్లు,
బుధవారం

చిట్టితల్లీ,

మీ నాన్నే.

రాసేశాను. అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

ఆ ఆదివారం రెండు గంటలకి ఆట. వానకి జనం పాతికమంది కూడా రాలేదు. రికార్డు కంపెనీవాళ్ళు మాత్రం మిషను తెచ్చుకుని పక్క గదిలో కూర్చున్నారు, తీగల్లోంచి వింటూ. టోపీ ఆయన నెలరోజుల నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. మొదటి సగం ఎలాగో వాయించాడు. వెనక గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుని నన్ను మంచినీళ్ళు అడిగాడు. నేను తెచ్చేసరికి తల వాలిపోయి ఉంది.

యజమాని వచ్చి చెయ్యి పట్టుకు చూశాడు. అయిపోయింది అన్నాడు. వెంటనే మీ నాన్న వైపు తిరిగి, రోజూ ఆయన బూర ముందుగా ఊది వేడిచేసి ఇచ్చేది నువ్వే కదా, ఆయన పాటలన్నీ నీకొచ్చు కదా అన్నాడు. మీ నాన్న నావల్ల కాదన్నాడు. కంపెనీవాళ్ళు మళ్ళీ రారు, ఆయన పాత రికార్డుల్ని జనం మర్చిపోయారు, ఆయన పేరు మిగలాలంటే ఈ ఒక్క రికార్డే దిక్కు, నా కోసం కాదు ఆయన కోసం చెయ్యి అన్నాడు యజమాని. ఆ మాటకి మీ నాన్న కరిగిపోయాడు. ఆయన తల మీంచి టోపీ తీసి తను పెట్టుకున్నాడు. టోపీ ఆయనకి పియానో వెనక మసక వెలుతుర్లో కుర్చీ వేసుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని వాయించే అలవాటు. ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. పక్క వాయిద్యాలవాళ్ళు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీలేదు. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు.

టోపీ లేకుండా ఆయన్ని అప్పుడే మొదటిసారి చూశాను. నెత్తిన జుట్టు పసిపిల్లలకున్నట్టు పల్చగా ఉంది.

నన్ను ఆయన దగ్గర కూర్చోమని, యజమాని బయట గడియ పెట్టుకుని వెళ్ళాడు. గుమ్మం మీద ఎర్ర బల్బు వెలిగింది. అది వెలిగితే రికార్డవుతున్నట్టు, చప్పుడు చెయ్యకూడదు. శవం పక్కన ఒక్కదాన్నే ఉన్నాను, ఇరవై రెండేళ్ళదాన్ని. భయపడి పిలిచాను. అంతే.

ఆట అయ్యాక ఆయన అప్పుడే పోయాడని అందరికీ చెప్పారు. కంపెనీలో ఎవరికి ఏం అనుమానం వచ్చిందో, ఆ రికార్డు వెయ్యనేలేదు. టేపు అటకెక్కింది. మీ నాన్న బూర తుడిచి పెట్టెలో పెట్టి, మళ్ళీ ఏ బూరా ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు ఆ టేపు దొరికిందని ఎగురుకుంటూ ఇంటికొచ్చిన రోజు మీ నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నీ సంతోషం చూసి నోరు పెగల్లేదు. అది మా తప్పు.

ఇప్పుడు నీ పేరు ఏమైపోతుంది? సినిమా అంతా అబద్ధమని అంటారా? నీ పదకొండింటికీ ఆ మచ్చ అంటుకుంటుందా? నాకు తిండి సయించడం లేదు.

అత్త


పెద్ద హాలు, వెనక ఆఫీసు,
సోమవారం

అత్తా,

నాన్న వాయించాడు. ఈ రెండు మాటలూ రాసి గంటసేపు చూస్తూ కూర్చున్నాను. వాయించడం మానేసినవాళ్ళ కోసం ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిరిగాను. వాళ్ళ గుమ్మాల్లో నిలబడి ఎందుకు మానేశారని అడిగాను. మనింట్లో స్పానరు పట్టుకుని కుళాయి కింద దూరిన మనిషిని అడగలేదు.

నా పేరు గురించి బెంగ పెట్టుకోకు. హాలువాళ్ళకి చెప్పేశాను. సినిమా వేసే ముందు నేనే లేచి, వాయించింది ఎవరో చెప్తాను. కొందరు మొహం చిట్లించారు. ఇక నా మాట ఎవరూ నమ్మరన్నాడు ఒకాయన. నమ్మకపోతే పోనీ, నేనూ చాలామందిని నమ్మలేదు.

నిన్న టోపీ ఆయన కూతురు వచ్చింది. బస చేసినచోటే కూర్చుని మొత్తం చెప్పాను. పాట గురించి అరుస్తుందనుకున్నాను, రోజూ విన్న పాట కదా. దాని ఊసే ఎత్తలేదు. ఒకటే అడిగింది. "ఆ గదిలో మా నాన్న ఒక్కడే ఉన్నాడా?" మా అత్త ఉందని చెప్పాను. "ఆవిడ బతికే ఉన్నారా?" అంది. నిన్ను చూడాలంటోంది. శనివారం పంపించనా?

ఇంకొకటి, అడక్కుండా ఉండలేను. మాస్టారు ఆ మూడు పిలుపుల్నీ విడదీశాడు. మొదటిది దూరంగా, కూర్చున్నచోటి నుంచి. రెండోది దగ్గరగా. మూడోది తలుపుకి ఆనుకుని. గడియ పెట్టిన తలుపుని భయపడ్డ మనిషి బాదుతుంది, గుంజుతుంది. ఆ టేపులో ఎవరూ తలుపు కొట్టలేదత్తా.

చిట్టి


మెట్ల పక్క ఇల్లు,
బుధవారం

చిట్టితల్లీ,

ఆ తలుపుకి గడియ లేదు. లోపలా లేదు, బయటా లేదు. చేత్తో తోస్తే తెరుచుకునేది.

ఆయన చెయ్యి ఒడిలోంచి మాటిమాటికీ జారిపోతుంటే నేను పట్టుకుని కూర్చున్నాను. అవతల మీ నాన్న పాట అందుకున్న కాసేపటికి నా మణికట్టు మీద ఏదో కదిలింది. నా చెయ్యే వణుకుతోందనుకున్నాను. కాదు. ఆయన మూడు వేళ్ళు. ఒకటి, తర్వాత రెండు కలిపి, మళ్ళీ ఒకటి. బూర మీద మీటలు నొక్కినట్టు.

అక్కడే కూర్చుని ఒకసారి పిలిచాను. లేచి వెళ్ళి ఇంకోసారి పిలిచాను. తలుపు మీద చెయ్యి వేసి మూడోసారి పిలిచాను. తల ఎత్తి చూస్తే ఎర్ర బల్బు వెలుగుతోంది. అది వెలుగుతుండగా తలుపు తీసిందని అంతకుముందు నెలలో ఒకమ్మాయిని పనిలోంచి తీసేశారు. నా పని పోతుందని ఆగానా, అన్నయ్య పాట చెడిపోతుందని ఆగానా, నాకు ఇప్పటికీ తెలీదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెళ్ళి ఆయన చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను. పాట ఇంకా చాలా ఉండగానే వేళ్ళు ఆగిపోయాయి.

జనం వెళ్ళాక డాక్టరు వచ్చాడు. ఈయన పోయి అరగంట కూడా కాలేదు, నన్ను ముందే ఎందుకు పిలవలేదని అడిగాడు. మీ నాన్న అక్కడే ఉన్నాడు. ఆ మాట విన్నాడు. నా రెండో పిలుపూ విన్నాడు, చెల్లెలు శవాన్ని చూసి జడుసుకుందనుకుని వాయించుకుపోయాడు. అప్పటి నుంచి ఆయన్ని చంపింది నేనేనని తనూ, కాదు నేనేనని నేనూ. తను పోయేదాకా ఒకే ఇంట్లో అన్నేళ్ళున్నాం. ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు.

ఆవిణ్ణి రమ్మను. ఇదంతా నువ్వు ముందుగా చెప్పకు. నేనే చెప్పాలి. ఏమన్నా పడాలి.

అత్త


పెద్ద హాలు, వెనక ఆఫీసు,
గురువారం

అత్తా,

శనివారం పదకొండింటికి వస్తుంది. నీకు వినపడదని చెప్పాను, దగ్గరగా కూర్చుని మాట్లాడుతుంది.

నేను రావడం లేదు. వస్తే కెమెరా పట్టుకొస్తాను. వద్దనుకున్నా పట్టుకొస్తాను. నా మీద నాకే నమ్మకం లేదు.

ముందు నువ్వు ఏదైనా తిను. ఇది నేను నీకు చెప్పాల్సి వస్తోంది చూడు.

చిట్టి


మెట్ల పక్క ఇల్లు,
శనివారం సాయంత్రం

చిట్టితల్లీ,

వచ్చి వెళ్ళింది. ఇప్పుడే రాసెయ్యకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుని రాస్తానేమోనని వెంటనే కూర్చున్నాను.

పొడుగ్గా ఉంది, తండ్రి పోలిక. టీ పెడతానంటే వద్దంది. నీకు రాసినట్టే అంతా చెప్పాను. గడియ లేదని ముందే చెప్పాను, చివరికి మిగిలితే చెప్పలేనేమోనని. పక్క వాటాలో టైలరమ్మ మిషను అదురు నా కాళ్ళ కింద ఆగిపోయింది, వింటోందని తెలుసు, విననీ అనుకున్నాను.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "మీరు తలుపు తియ్యాల్సింది" అంది.

"అవునమ్మా, తియ్యాల్సింది" అన్నాను.

ఈ మాట నాతో ఎవరో ఒకరు అంటారని యాభై నాలుగేళ్ళుగా ఎదురుచూశాను. అంటే ఇల్లు కూలిపోతుందనుకున్నాను. కూలలేదు, అలాగని తేలికపడిందీ లేదు.

అప్పుడు ఆవిడ చెయ్యి చాపింది. ఆయన వేళ్ళు ఎలా కదిలాయో చూపించమంది. మణికట్టు మీద నొక్కి చూపించాను. ఒకటి, రెండు కలిపి, ఒకటి. ఆ తర్వాతవి కూడా, ఆగిపోయేదాకా. మర్చిపోలేదు, నా వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. అది ఏ పాటో ఆవిడకీ తెలీదు. నేర్పేలోపే పోయాడట. మళ్ళీ అంది. చూపించాను. మళ్ళీ అంది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది, నాకు పాత భయం పుట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూశాను. ఆడుతోంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఆ పిలుపుల్ని తుడవొద్దని మీ మేనకోడలికి రాయండి అంది. ఆ రోజు ఆ క్లబ్బులో మా నాన్న కోసం నోరు తెరిచింది మీరొక్కరే, అందరికీ వినపడేలా ఉంచమనండి అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. రేపటి నుంచి పొద్దున్నే ఆ పాట పెట్టుకుంటుందో లేదో అదీ అడగలేదు.

కాబట్టి మాస్టారితో చెప్పు, ఉంచమని.

సినిమా వేసే రోజు నేను వస్తాను. టైలరమ్మ తోడొస్తానంది, బస్సులో నా పక్కన కూర్చుని ఏడ్చేందుకు వాళ్ళాయన్ని కూడా తెస్తుందట. నువ్వు పైకెక్కి మాట్లాడేటప్పుడు మీ నాన్న బాగా వాయించాడని చెప్పు, అది నిజం. టోపీ ఆయన అప్పటికి బతికే ఉన్నాడని చెప్పు. నా గురించి వచ్చేసరికి నువ్వు మెత్తగా మాట్లాడతావని నాకు భయం. చిన్నపిల్ల, శవాన్ని చూసి బెదిరి పిలిచింది అంటావు. అలా అనకు. పిలిచినప్పుడు నాకు భయం లేదు, ఆయన బతికున్నాడని తెలిసి పిలిచాను. భయం తర్వాత వచ్చింది, తలుపు మీద చెయ్యి వేశాక. అక్కడ ఆగిపోయిందని చెప్పు. జనం అందరూ తిరిగి నావైపు చూస్తారు, చూడనీ. ముందు వరసలోనే కూర్చుంటాను.

అత్త